గుజ్జు అరిగిన మోకాళ్లు, మూలకణాల చదువు

ప్రశ్న: మా అమ్మాయి నల్గొండలో బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాది చదువుతోంది. వాళ్ల నానమ్మకు రెండు మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది. మూలకణాలతో, అంటే రకరకాల కణాలుగా మారగల స్టెమ్ సెల్స్‌తో, ఆ గుజ్జును మళ్లీ పెంచే పరిశోధన చేస్తానని పట్టుబట్టింది. స్కాఫోల్డ్ అంటుంది, బయోమెటీరియల్ అంటుంది. ఇదంతా ఇంజనీరింగ్ వాళ్ల పని కాదా? ఉద్యోగం వస్తుందా? - ఒక తండ్రి

జవాబు: ముందు నానమ్మగారి సంగతి. అమ్మాయి చదువు ఆవిడ మోకాళ్లకు అందిరాదు, ఆ మాట ఇప్పుడే చెప్పేయండి. అమెరికాలో 2016లో అనుమతి వచ్చిన 'మాసీ' అనే చికిత్స కూడా అక్కడక్కడ గుజ్జు దెబ్బతిన్న మోకాలికే. అందులో వాడేది మూలకణాలు కావు, రోగి గుజ్జు కణాలే. కీలు మొత్తం అరిగిన పెద్దవాళ్లకు అది పనికిరాదు.

ఇక స్కాఫోల్డ్. గుజ్జులో రక్తనాళాలుండవు, అందుకే దెబ్బ తగిలితే తనంతట తాను సరిగా మానదు. మూలకణాలను ఊరికే సూదితో ఎక్కిస్తే చాలావరకు అక్కడ నిలవవు. నిలిచినవి గుజ్జే అవుతాయన్న భరోసా లేదు. కాబట్టి వాటికో పందిరి వేస్తారు, కొత్త గుజ్జు పట్టేకొద్దీ కరిగిపోయే పందిరి. అదే స్కాఫోల్డ్. దాన్ని కట్టే, ఒంట్లో పెట్టదగిన పదార్థమే బయోమెటీరియల్. అయితే బీరపాదు ఏ పందిరెక్కినా బీరకాయలే కాస్తుంది. మూలకణం అలా కాదు, పందిరిని బట్టి మారుతుంది. 2006లో అమెరికా శాస్త్రవేత్తలు ఒకే రకం మూలకణాలను వేర్వేరు గట్టిదనం ఉన్న జెల్‌ల మీద పెంచారు. మెదడంత మెత్తని జెల్ మీద నాడీకణాల పోకడ, కండరమంత బిగువున్న దాని మీద కండరం పోకడ, ఇంకా గట్టిదాని మీద ఎముక పోకడ కనిపించాయి.

గుజ్జు విషయంలో కణం ఆకారం కూడా లెక్కలోకి వస్తుంది. ప్లాస్టిక్ డిష్‌లో పరిస్తే గుజ్జు కణం చపాతీలా పరుచుకుని తన పని మరిచిపోతుంది, గుజ్జుకు కావలసిన టైప్ 2 కొల్లాజెన్ ప్రోటీన్ మానేసి టైప్ 1 తయారుచేస్తుంది. అదే కణాన్ని సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ ద్రావణంలో కలిపి, కాల్షియం క్లోరైడ్ నీళ్లలో చుక్కలుగా వదిలితే, ఉడికిన సగ్గుబియ్యం లాంటి గింజలు కడతాయి. లోపల కణం గుండ్రంగా ఉంటుంది, మరిచిన పని మళ్లీ మొదలుపెడుతుంది. మూలకణాలనూ ఇలాగే జెల్‌లో ఉంచి, టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్ అందిస్తూ మూడు నాలుగు వారాలు పెంచితే గుజ్జు దారి పడతాయి. చిక్కు ఆ తర్వాతే. అవి ముదిరి ఎముక వైపు మళ్లిపోతుంటాయి. మీ అమ్మాయి తలపడాల్సింది ఇలాంటి సమస్యలతోనే.

కాబట్టి మీ అనుమానం సగం నిజం. జెల్ ఎంత గట్టిగా ఉండాలి, ఎన్ని వారాల్లో కరగాలి అన్నది ఇంజనీరింగే. లెక్కలంటే భయపడి బయోటెక్‌లో చేరి ఉంటే మాత్రం ఇక్కడ ఇబ్బంది పడుతుంది. డిగ్రీ తర్వాత గాట్-బి లేదా ఐఐటీ జామ్ ప్రవేశ పరీక్ష రాసి ఎమ్మెస్సీ, ఆపైన సీఎస్ఐఆర్ నెట్ లేదా గేట్‌తో పీహెచ్‌డీ. బయోమెటీరియల్స్‌లో తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థకు ఎప్పటినుంచో పేరుంది. బయోమెడికల్ విభాగం హైదరాబాద్ ఐఐటీలోనూ ఉంది. పీహెచ్‌డీకే ఐదారేళ్లు పడుతుంది. నెట్‌లో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరు. అప్పుచేసి చదివించాల్సిన పని లేదు. మధ్యలో ఎవరైనా మూడు నెలల 'స్టెమ్ సెల్ సర్టిఫికెట్' అంటూ వేలు అడిగితే దండం పెట్టి వచ్చేయండి.

ఉద్యోగాలా? అచ్చంగా గుజ్జు మీదే పనిచేసేవి మన దగ్గర తక్కువ. కానీ కణాలు పెంచడం, జెల్ పరీక్షించడం వచ్చినవాళ్లకు వైద్య పరికరాల కంపెనీల్లో, క్వాలిటీ విభాగాల్లో చోటుంటుంది. విశాఖ మెడ్‌టెక్ జోన్, హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ దగ్గర్లోనే ఉన్నాయి.

ఓపిక సంగతి మాత్రం ముందే చూసుకోవాలి. కణాలకు రెండు మూడు రోజులకోసారి మీడియం, అంటే అవి పెరిగే పోషక ద్రవం, మార్చాలి, ఆదివారమైనా సంక్రాంతైనా. మూడో వారంలో ఫంగస్ పడితే అంతా పారబోసి మళ్లీ మొదటికి రావాలి. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి ఈ ఏడాదే దరఖాస్తు చేయించండి. రెండు నెలలు ఒక ల్యాబ్‌లో ఉండి వచ్చాక కూడా ఇదే మాట మీద ఉంటే, జామ్ పుస్తకాలు కొనిపెట్టండి.