థార్ కొనండి, కానీ ఈ ఏడాది కాదు

ప్రశ్న: పాడేరు దగ్గర ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ని. వయసు 38. జీతం చేతికి 78,000 వస్తుంది. ఇంటి లోన్ కిస్తీ 18,000, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) 8,000, ఇంటి ఖర్చు 32,000 (తోటకు వెళ్లే జీపు కిరాయి 4,000 ఇందులోనే). కాఫీ తోట మీద ఏడాదికి సుమారు 1,60,000 మిగులుతుంది. బ్యాంకులో 5,50,000 ఉన్నాయి. హైదరాబాద్‌లో 2021 మోడల్ మహీంద్రా థార్ (జీపు లాంటి బండి) డీజిల్, గేరు బండి, ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లేది), 62,000 కిలోమీటర్లు తిరిగింది. 11,25,000 చెబుతున్నారు. 6 లక్షలు లోన్ తీసుకుని మిగతాది చేతిలోంచి పెట్టి కొనమంటారా? ఇంట్లో ఇద్దరు పిల్లలు.

జవాబు: వానాకాలంలో మీ తోట దారి ఎలా ఉంటుందో మీకే బాగా తెలుసు. ఫోర్ బై ఫోర్ మీకు షోకు కాదు, అవసరమే. అందుకే వద్దు అనను. మీరు రాసిన అంకెల్లో మాత్రం ఈ బండి ఇప్పుడు ఇమడదు.

6 లక్షలు, 12 శాతం వడ్డీ, 48 నెలలు అంటే కిస్తీ 15,800. పాత బండి లోన్ మీద వడ్డీ కొత్త బండి కంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి 12కి తక్కువ లెక్క వేసుకోకండి. దీనిమీద నడిపే ఖర్చు ఉంది. ఏడాదికి 12,000 కిలోమీటర్లు, ఘాట్‌లో లీటరుకు 11 కిలోమీటర్లు, డీజిల్ 97 రూపాయలు అనుకుంటే నెలకు 8,800. ఇన్సూరెన్స్‌కు నెలకు 2,200, సర్వీసు, టైర్లకు 3,000 పక్కన పెట్టాలి. మొత్తం 14,000.

ఇప్పుడు అన్ని ఖర్చులూ పోగా నెలకు మీకు 20,000 మిగులుతోంది. జీపు కిరాయి 4,000 తప్పితే 24,000. అందులో నడిపే ఖర్చు తీసేస్తే మిగిలేది 10,000. కిస్తీ 15,800. నెల నెలా 5,800 లోటు. దాన్ని కాఫీ డబ్బు పూడుస్తుందని మీరు అనుకుని ఉంటారు, కానీ ధర పడిన ఏడు, పూత సమయానికి వాన కురవని ఏడు కిస్తీ ఆగదు. పైగా 5,25,000 చేతిలోంచి పెడితే బ్యాంకులో మిగిలేది 25,000. ఇంటి ఖర్చు, ఇంటి కిస్తీ కలిపి నెలకు 50,000 అయ్యే కుటుంబానికి ఆరు నెలల మొత్తం, అంటే 3 లక్షలు, ఏం వచ్చినా కదపకూడదు. సిప్ ఆపి కిస్తీ కట్టే ఆలోచన కూడా వద్దు. అది పిల్లల చదువు డబ్బు.

ఇంకో ఖర్చు మీ లెక్కలోకే రాలేదు. తెలంగాణ బండిని ఆంధ్రప్రదేశ్‌కు తెచ్చి 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాల్సిందే, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాల్సిందే. బండి అసలు ధర, వయసు బట్టి ఆ పన్ను లెక్క కడతారు. ఈ ధరల బండికి లక్ష దాటడం మామూలే. అడ్వాన్స్ ఇవ్వకముందే ఆర్సీ కాపీ పట్టుకుని మీ జిల్లా రవాణా కార్యాలయంలో అంకె అడగండి. హైదరాబాద్‌లో చవకగా కనిపించిన బండి పాడేరు చేరేసరికి చవక కాదు. ఢిల్లీ నుంచి తక్కువ ధరకు వచ్చే డీజిల్ బండ్లదీ ఇదే కథ.

ఒక ఏడాది ఆగండి. నెలకు 20,000 చొప్పున 2,40,000, ఒక సీజన్ కాఫీ డబ్బు 1,60,000 కలిపితే 4 లక్షలు. కదపని 3 లక్షలు పోను ఇప్పుడున్న 2,50,000 కలిస్తే 6,50,000. దానికి 4 లక్షల లోన్ చాలు. కిస్తీ సుమారు 10,530. లోటు 500కు కాస్త అటూ ఇటూ, దాన్ని కాఫీ డబ్బు సులువుగా మోస్తుంది. మొత్తం 10,50,000లో ఇన్సూరెన్స్‌కు, కాగితాలకు 50,000, మొదటి మూడు నెలల రిపేర్లకు 75,000 తీసి పెడితే బండికి 9,25,000. దానికి మించి ఒక్క రూపాయీ వద్దు. లోన్ పత్రంలో ముందస్తుగా కొంత అసలు కట్టడానికి ఎంత చార్జీ వేస్తారో చదివాకే సంతకం పెట్టండి. ఏటా కాఫీ డబ్బులో కొంత అక్కడ పడితే నాలుగేళ్ల లోన్ ముందే తీరిపోతుంది.

బేరం ఆడేటప్పుడు యజమాని కొన్న ధర పట్టించుకోకండి, ఈరోజు కొత్త బండి ధర పట్టుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ 2.2 లీటర్ డీజిల్ ఫోర్ బై ఫోర్ మీద పన్ను 48 శాతం నుంచి 40కి తగ్గింది. కొత్తది దాదాపు లక్ష రూపాయలు దిగింది. పాతదీ దిగాలి.

‘ఇదే డబ్బుకు 2020కి ముందు వచ్చిన పాత థార్ సీఆర్‌డీఈ (పాత తరం డీజిల్ థార్) ఇప్పుడే దొరుకుతుంది కదా’ అనిపించవచ్చు. తోట పనికి అది గట్టి బండే. కానీ ఎయిర్‌బ్యాగులు లేవు, వెనక ఎదురెదురు బల్లలు. ఘాట్ రోడ్డు మీద పిల్లలను అందులో కూర్చోబెట్టమని నేను చెప్పలేను. 2020 అక్టోబర్‌లో వచ్చిన తరానికి గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే ప్రమాద భద్రత పరీక్షలో 4 స్టార్లు వచ్చాయి. అందులోనూ వెనక సీట్లు ముందుకు చూసే రకమే వెతకండి.

వెతికేటప్పుడు మొదట ఆర్సీలో సీసీ చూడండి. 2023 జనవరి నుంచి వెనక చక్రాలకే శక్తి వెళ్లే థార్ కూడా అమ్ముతున్నారు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. డీజిల్‌లో 1,497 సీసీ ఉంటే అది టూ వీల్ డ్రైవ్. మీకు కావాల్సింది 2,184 సీసీ, గేరు లివర్ పక్కన ఫోర్ బై ఫోర్ వేసే రెండో లివర్.

ఆ రెండో లివర్ కోసమే మీరు ఎక్కువ డబ్బు ఇస్తున్నారు, కాబట్టి అది పనిచేస్తోందని కళ్లారా చూడాలి. చాలా బండ్లలో ఏళ్ల తరబడి కదపక పట్టేసి ఉంటుంది. మట్టి నేల మీదికి తీసుకెళ్లి టూ హెచ్ (రెండు చక్రాలకే శక్తి) నుంచి ఫోర్ హెచ్‌కు (నాలుగు చక్రాలకూ) మార్చి నెమ్మదిగా పోనివ్వండి. తర్వాత బండి ఆపి, క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్‌లో పెట్టి ఫోర్ ఎల్‌కు (నాలుగు చక్రాలకూ, తక్కువ వేగం, ఎక్కువ లాగుడు) వేయండి. మొదటి గేరులో యాక్సిలరేటర్ తొక్కకుండానే ఎత్తు ఎక్కాలి. గేరు జారి బయటపడినా, కింద నుంచి గరగరమన్నా లోపల పని ఉంది. ఈ పరీక్ష తారు రోడ్డు మీద చేయకండి. ఈ బండిలో ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ (రెండూ వేరువేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేదు, గట్టి నేల మీద మలుపు తిప్పితే ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) మీద, షాఫ్టుల మీద పడుతుంది. అమ్మే ఆయన ‘వానొస్తే హైవే మీద ఎప్పుడూ ఫోర్ బై ఫోర్‌లోనే నడిపేవాణ్ని’ అన్నాడంటే అది గొప్ప కాదు, హెచ్చరిక. నాలుగు టైర్లూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. లేకపోతే జరిగే నష్టం కూడా ఇదే.

క్లచ్‌కు వేరే పరీక్ష. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40 వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కండి. ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. బురదలో హాఫ్ క్లచ్ మీద నడిపిన బండికి ఇది తప్పదు. బండి నిలిపి ఉన్నప్పుడు వచ్చే గలగల శబ్దం క్లచ్ తొక్కగానే ఆగితే గేరుబాక్సు బేరింగు గానీ ఫ్లైవీలు (ఇంజను చివర తిరిగే బరువైన చక్రం) గానీ అరిగి ఉంటుంది. తొక్కినప్పుడే శబ్దం మొదలైతే రిలీజ్ బేరింగ్ (క్లచ్‌ను విడదీసే బేరింగ్) అరిగినట్టు. ఏది మార్చాలన్నా గేరుబాక్సు దించాల్సిందే, కూలీ ఎక్కువ. ఆ కొటేషన్ రాయించుకుని ధరలోంచి తగ్గించమనండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి కాబట్టి, వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి.

బండిని తప్పక లిఫ్ట్ మీద ఎక్కించండి. ముందు చక్రాల దగ్గర రబ్బరు బూట్లు (ఇరుసు కీళ్ల మీది తొడుగులు) చినిగి గ్రీజు చిమ్మిందా, ఛాసిస్ అతుకుల్లో తుప్పు ఉందా చూడండి. సముద్రపు ఇసుకలో ఆడించిన బండి పైన ఎంత మెరిసినా కింద ఉప్పు తినేసి ఉంటుంది. ఇరుసుల్లో ఉండే డిఫరెన్షియల్ ఆయిల్ కొంచెం తీయించండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు దూరాయి, ఆ బండి వదిలేయండి. షోరూం సర్వీసు రికార్డు ఛాసిస్ నంబరుతో తీయించి కిలోమీటర్లు సరిపోల్చండి.

బండి మన రాష్ట్రం రిజిస్ట్రేషనే చూసుకోండి. ఫారం 29, 30 (యాజమాన్యం మార్చే కాగితాలు) మీద సంతకాలు, లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీతో (అభ్యంతరం లేదన్న పత్రం) ఫారం 35 (ఆర్సీలో లోన్ తీసేసే కాగితం), చలాన్లు తీరినట్టు రుజువు చేతికి రాకుండా 10,000 మించి అడ్వాన్స్ ఇవ్వకండి. మిగతాది బ్యాంకు ద్వారానే కట్టండి. కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి మార్పించాలి. థర్డ్ పార్టీ రక్షణ దానంతట అదే మీకు వస్తుంది, కానీ పేరు మారకపోతే మీ బండికి జరిగిన నష్టానికి క్లెయిమ్ నిలవదు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పాత యజమానిది, బండిది కాదు. ఆ తేడా మీరే కట్టాలి. కాగితాలకు తీసి పెట్టమన్న 50,000లోనే అది కూడా ఉంది.