ఆ రెండూ కలపకు చిన్నా

చిన్నా,

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. కోడలు పాపని తీసుకుని వచ్చే నెల మియాపూర్ వచ్చేస్తోందని, ఆలోపు ఇంట్లో ఆ చిన్న ఈగల్ని లేకుండా చేయాలని నువ్వు ఈ ఆదివారం నడుం బిగిస్తున్నావని చెప్పాడు. తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టని వాడివి నువ్వు! నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి. అంతలో వాడే ఇంకో మాట అన్నాడు. సింకులో బ్లీచింగ్ పౌడర్ వేసి, పైన యాసిడ్ పోస్తావట. వీడియోలో చూశావట. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే అత్తమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

మామూలు సంగతులు నీకూ తెలుసు. పండ్లు కడిగి ఫ్రిజ్‌లో పెట్టు. తడి చెత్త రాత్రికి ఇంట్లో ఉంచకు. సింకు తుడిచే గుడ్డ ఉతికి ఆరేయి. బాల్కనీలో ఖాళీ బీరు సీసాలున్నాయట. నేనేం అనను గానీ, కడిగి పెట్టు. పులిసిన వాసన ఎక్కడుంటే ఈ ఈగలు అక్కడే.

అసలు ఏ ఈగో ముందు చూడు. పండ్ల మీద తిరిగేది, లేత గోధుమరంగు, కళ్లు ఎర్రగా ఉంటే పండు ఈగ. నల్లగా, సన్నగా, కాళ్లు పొడుగ్గా ఉండి కుండీల దగ్గర తిరిగితే అది మట్టిలో పుట్టేది. బాత్రూం గోడకి అంటుకుని, రెక్కల మీద బూడిదరంగు నూగు ఉంటే అది పైపులోది. మూడూ మూడు చోట్ల పుడతాయి. ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు. పైపు మీద అనుమానముంటే రాత్రి పడుకునే ముందు నీళ్లు పోయే జాలీ మీద పారదర్శకమైన పాలిథిన్ కవరు పరిచి, చుట్టూ టేపు వేయి. పొద్దున కవరు లోపలి వైపు ఈగలుంటే పైపులోనే పుడుతున్నట్టు. ఏమీ లేకపోతే ఇంకో రెండు రాత్రులు చూసి, అప్పుడు సింకుని వదిలేసి వేరే చోట వెతుకు.

ఈ చిన్న పరీక్ష నేను చేయలేదు కనుకే ఇప్పుడు చెప్పబోయేది జరిగింది. మీ అమ్మకి ఇది ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

1996 ఎండాకాలం. నీకు మూడేళ్లు. సెలవులకి దిల్‌సుఖ్‌నగర్‌లో మా దగ్గర ఉన్నావు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ నడిచి వెళ్లేంత దూరం. (ఇప్పుడది బాటసింగారం పోయింది. ఆ రోడ్డున పోతుంటే మామిడిపండ్ల వాసన లేక నాకు ఇంకా బోసిగానే ఉంటుంది.) మీ మామయ్య బుట్టెడు రసాల మామిడిపండ్లు తెచ్చి వంటింట్లో వరిగడ్డిలో మాగబెట్టారు. పది రోజులయ్యేసరికి ఇల్లంతా ఈగలు. మజ్జిగ గ్లాసు మీద మూత తీస్తే చాలు, రెండు పడేవి. మోరీలోంచే, అదే నీళ్లు పోయే తూములోంచే, వస్తున్నాయని నేను తీర్మానించేశాను. చూశానా? లేదు. మోరీ అంటే మురికి, మురికి ఉంటే ఈగలు, అంతే నా లెక్క. రెండు గుప్పిళ్లు బ్లీచింగ్ పౌడర్ చల్లాను. అది చాలదనిపించి బాత్రూం కడిగే యాసిడ్ పోశాను.

బుస్సుమని పొంగింది. పసుపు పచ్చగా పొగలాంటిది లేచింది, కానీ పైకి పోలేదు. గచ్చు మీద పాకింది. నాకు కళ్లు మండి, గొంతు పట్టేసింది. నేను నిలబడి ఉన్నాను. నువ్వు గడప దగ్గర నేల మీద కూర్చుని, మోచేతి దాకా రసం కార్చుకుంటూ పండు చీకుతున్నావు.

అది క్లోరిన్ రా. గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, అందుకే నేలబారుగా వెళ్తుంది. ఆ ముక్క తొమ్మిదో తరగతి పిల్లలకి బోర్డు మీద రాసి చెప్పినదాన్ని నేనే. నా వంటింట్లోకి వచ్చేసరికి గుర్తుకు రాలేదు.

నిన్ను ఎత్తుకుని వాకిట్లోకి పరుగెత్తాను. నువ్వు దగ్గుతున్నావు, ఏడవడానికి కూడా ఊపిరి అందడం లేదు. ఆటోలో ఆసుపత్రికి పోయాం. రాత్రంతా ఆక్సిజన్ పెట్టారు. మంచం పక్కన కూర్చుని నీ డొక్క ఎగిరిపడటం లెక్కపెడుతూనే ఉన్నాను. తెల్లవారాక కళ్లు తెరిచి, "అత్తమ్మా, నా పండేది?" అన్నావు. మీ అమ్మకి దగ్గు ముదిరిందని చెప్పాం.

ఇంటికొచ్చి బియ్యం డబ్బా జరిపితే, గోడకీ డబ్బాకీ మధ్య ఒక రసం పండు పడి ఉంది. తొక్క నల్లబడి, అడుగు జారిపోయి ఉంది. లోపల సన్నటి తెల్లటి పురుగులు, నువ్వుగింజ కన్నా పెద్దవి కావు, మెసులుతున్నాయి. డబ్బా అంచున గోధుమరంగు గూళ్లు వరసగా అతుక్కుని ఉన్నాయి. ఆ ఒక్క పండు తీసి పారేసి గచ్చు కడిగాను. రెండు వారాల్లో ఈగలు పోయాయి.

అందుకే చెబుతున్నా. వెతుకు. ఆలుగడ్డల బుట్ట అడుగున, ఫ్రిజ్ వెనక, చెత్తబుట్ట మూత అంచున చూడు. దొరికాక మిగిలిన వాటికి చిన్న గ్లాసులో సిర్కా (వెనిగర్), మగ్గిన అరటిపండు ముక్క, గిన్నెలు కడిగే లిక్విడ్ రెండు చుక్కలు. ఆ చుక్కలు లేకపోతే పైన వాలి ఎగిరిపోతాయి. ఉంటే మునుగుతాయి. గ్లాసు నిండా ఈగలు పడ్డాయని సంబరపడకు. ఈ వేడికి గుడ్డు పది రోజుల్లో ఈగవుతుంది. రెండు వారాలు మారుస్తూ ఉండు. పైపు అయితే బ్రష్ పెట్టి లోపలి జిగురు గీకాలి. ఉత్త వేడినీళ్లకి అది పోదు.

నాకు నీ కుండీల మీద కూడా అనుమానమే. కోడలు చూసుకోమంది కదా అని రోజూ చెంబుడు నీళ్లు పోస్తున్నావట, తులసిలో చాయ్‌పత్తా కూడా వేస్తున్నావట. ప్రేమ ఉండాలి గానీ, మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే ఆ నల్లవి అందులోనే గుడ్లు పెడతాయి. వేలు పెట్టి చూడు, పైన అంగుళం పొడిగా ఉంటేనే నీళ్లు పొయ్యి. తులసి ఏమీ అలగదు.

స్ప్రేలు కొనకు. పాప ఉయ్యాల ఏ గదిలో వేస్తారో చెప్పు.

ఆదివారం నేను వస్తున్నా. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే నేరుగా మియాపూరే కదా. యాసిడ్ సీసా, ఆ పౌడరు డబ్బా ముట్టుకోకుండా అలాగే ఉంచు. రెండిటినీ చెరో సంచిలో వేసుకుని, నేనే తీసుకుపోతా.

నీ అత్తమ్మ