లోయరింగ్ తర్వాత అలైన్‌మెంట్ షీట్ అంతా పచ్చగా ఉన్నా టైర్ లోపలి అంచు ఎందుకు అరుగుతోంది?

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇది: ఏడో తరం గోల్ఫ్ జీటీఐకి 30 మి.మీ. కిందికి దించే స్ప్రింగ్‌లు వేయించారు. అదే రోజు సాయంత్రం అలైన్‌మెంట్ చేయించారు, షీట్‌లో అంకెలన్నీ పచ్చగా, అంటే కంపెనీ హద్దుల్లోనే వచ్చాయి. ఇప్పుడేమో ముందు టైర్ల లోపలి అంచు అరిగిపోతోంది, తిన్నగా వెళ్తున్నా స్టీరింగ్ కొంచెం ఎడమకి తిరిగి ఉంటోంది. అందరూ కేంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం) సర్దుకోవడానికి వాడే కేంబర్ ప్లేట్లు కొనమంటున్నారు.

ఇప్పుడే కొనకండి. నాదీ అదే కారు, దించింది కూడా అంతే. ముందు వైపు ఒక్క కొత్త పార్ట్ కూడా వేయకుండానే టైర్లు సమానంగా అరిగేలా అలైన్‌మెంట్ కుదిరింది.

కారు దించగానే అందరి కళ్లూ కేంబర్ మీదే పడతాయి, ఎందుకంటే చక్రం పైభాగం లోపలికి వాలడం బయటికి కనిపిస్తుంది. టైర్‌ని నిజంగా తినేది మాత్రం టో, అంటే పైనుంచి చూస్తే చక్రం ముందుభాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం. కేంబర్ ఒకటి, ఒకటిన్నర డిగ్రీలు నెగటివ్‌లో (పైభాగం లోపలికి వాలి) ఉన్నా టో సరిగ్గా ఉంటే టైర్ చాలాకాలం వస్తుంది. టో తప్పితే చక్రం దొర్లుతూనే ప్రతి మీటరుకీ కొంచెం పక్కకి ఈడ్చుకుంటూ పోతుంది. ముందు చక్రాలు బయటికి చూస్తూ ఉండి, దానికి నెగటివ్ కేంబర్ కూడా తోడైతే ఆ ఈడుపంతా లోపలి అంచు మీదే పడుతుంది. మీ టైర్లు చెబుతున్నది ఇదేనని నా అభిప్రాయం.

దించితే టో ఎందుకు మారుతుందంటే, కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని కారుకి కలిపే చేయి), టై రాడ్ (చక్రాన్ని స్టీరింగ్‌కి కలిపే కడ్డీ) రెండూ వేర్వేరు పొడవులతో వేర్వేరు చోట్ల బిగించి ఉంటాయి. సస్పెన్షన్ పైకి కదిలినప్పుడు రెండింటి చివరలూ ఒకే వంపులో తిరగవు, ఆ తేడా చక్రాన్ని తిప్పేస్తుంది. కాబట్టి ఎత్తు కొన్ని మిల్లీమీటర్లు మారినా టో మారుతుంది. మీ షీట్ అబద్ధం చెప్పిందని నేననను. అది ఆ సాయంత్రం ఉన్న ఎత్తుకి నిజం. కొత్త స్ప్రింగ్‌లు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకాస్త దిగుతాయి, అప్పుడు ఆ అంకెలు చెల్లవు. అందుకే స్ప్రింగ్‌లు వేసిన రోజు టో మాత్రం దారిలో పెట్టించుకుని, కారు సర్దుకున్నాక పూర్తి అలైన్‌మెంట్ చేయించడం మంచిది.

దీనికన్నా ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు: బుష్‌లు, అంటే ఆర్మ్ బిగించే చోట ఉండే రబ్బరు దిమ్మలు. మన కారులో కంట్రోల్ ఆర్మ్ రబ్బరు బుష్ లోపలి గొట్టం బోల్ట్ బిగించగానే కదలకుండా నిలిచిపోతుంది, ఆ తర్వాత ఆర్మ్ కదిలితే మెలి తిరిగేది రబ్బరే. కారు లిఫ్ట్ మీద, చక్రాలు గాల్లో వేలాడుతుండగా ఆ బోల్ట్‌లు బిగిస్తే, కిందికి దించిన క్షణం నుంచే రబ్బరు మెలితిరిగి ఉంటుంది. ఎత్తు తప్పుతుంది, బుష్ త్వరగా చిరుగుతుంది, ఆ కారు మీద కొలిచిన అంకెలకి విలువ ఉండదు. బరువు చక్రాల మీద ఉండగానే, లేదా ఆర్మ్‌ని జాక్‌తో ఆ ఎత్తుకి తెచ్చాకే చివరి బిగింపు జరగాలి. స్ప్రింగ్‌లు వేసినవాళ్లని ఇది ఎలా చేశారని అడగండి. సూటిగా చెప్పలేకపోతే వదులు చేసి మళ్లీ బిగించమనండి. ఈ బోల్ట్‌లలో చాలావాటిని విప్పితే కొత్తవి వేయాలి, ఆ ఖర్చుకి వెనకాడకండి.

ఇక స్టీరింగ్ వంకర. మీ షీట్ తీసి వెనక చక్రాల గళ్లు చూడండి. సర్దక ముందు, సర్దిన తర్వాత అంకెలు ఒకటే ఉంటే వెనక వైపు ఎవరూ చెయ్యి పెట్టలేదని అర్థం. ఎడమ వెనక టో 0.05 డిగ్రీలు, కుడి వెనక 0.25 ఉందనుకోండి. విడివిడిగా చూస్తే రెండూ పచ్చగానే రావచ్చు. కానీ తేడాలో సగం, అంటే 0.1 డిగ్రీ, థ్రస్ట్ యాంగిల్ (వెనక చక్రాలు కారుని నెట్టే దిశకీ కారు మధ్యరేఖకీ మధ్య కోణం) అవుతుంది. వెనక ఇరుసు కారుని ఆ మేరకు ఒక పక్కకి నడిపిస్తుంటే మీ చేతులు స్టీరింగ్‌తో దాన్ని సరిచేస్తూ ఉంటాయి. అదృష్టవశాత్తూ మన కారు వెనక మల్టీలింక్ సస్పెన్షన్‌లో కేంబర్‌కీ టోకీ ఎక్సెంట్రిక్ బోల్ట్‌లు (తిప్పితే కోణం మారేవి) కంపెనీయే ఇచ్చింది. ముందు వైపు అలా కాదు. టో సర్దుకోవచ్చు, కేంబర్ విషయంలో మాత్రం సబ్‌ఫ్రేమ్‌ని (ముందు ఆర్మ్‌లు బిగించి ఉండే చట్రాన్ని) పక్కకి జరిపి ఎడమ కుడి సమానం చేయడం వరకే కుదురుతుంది.

రోడ్డు మీద వాడే కారుకి నేను అడిగే అంకెలు: ముందు కేంబర్ ఎంత వస్తే అంత, కానీ రెండు పక్కల మధ్య తేడా 0.3 డిగ్రీలు దాటకూడదు. ముందు టో సున్నా, లేదా ఒక్కో చక్రానికి 0.05 డిగ్రీలు లోపలికి. వెనక కేంబర్ మైనస్ 1.5 దగ్గర, వెనక టో ఒక్కో చక్రానికి 0.1 లోపలికి, రెండు పక్కలా సమానంగా. వెనక టో బయటికి ఉండటం మాత్రం అస్సలు ఒప్పుకోకండి. మలుపులో ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలితే కారు తోక విసురుతుంది, అది ప్రాణాలతో చెలగాటం. అంకెలు ఒక్కో చక్రానివా, రెండింటి మొత్తమా, డిగ్రీలా, నిమిషాలా అన్నది ముందే స్పష్టం చేసుకోండి. 0.1 డిగ్రీ అంటే 6 నిమిషాలు, 18 అంగుళాల రిమ్ మీద సుమారు 0.8 మి.మీ.

వెళ్లే ముందు టైర్లలో గాలి సరిచూసుకోండి, ట్యాంక్‌లో మామూలుగా ఉండేంత పెట్రోల్ ఉంచండి. మెకానిక్ ఏ వరుసలో పని చేస్తున్నాడో దగ్గరుండి చూస్తే అతని పనితనం తెలిసిపోతుంది. నాకు బాగా చేసిన మనిషి కారుని జాక్ మీద నుంచి దించగానే బంపర్ మీద బరువేసి ముందూ వెనకా గట్టిగా ఊపాడు. ఒక వెనక చక్రం టో అంకె అక్కడికక్కడే మారింది. ఊపకుండా సర్ది ఉంటే ఆ తేడా అలాగే కారుతో ఇంటికి వచ్చేది. తర్వాత వెనక కేంబర్, వెనక టో. ఆపైన ముందుకొచ్చి సబ్‌ఫ్రేమ్, ఇంజిన్ ఆన్‌లో ఉంచి స్టీరింగ్ తిన్నగా లాక్ చేశాక అన్నిటికన్నా చివర ముందు టో. కేంబర్ కదిపితే టో కదులుతుంది కాబట్టి ఈ వరుస తప్పకూడదు. అంతా అయ్యాక స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ కూడా స్కానర్‌తో సున్నా చేయాలి, లేదంటే ఈఎస్‌పీకి (కారు జారిపోకుండా చూసే వ్యవస్థకి) స్టీరింగ్ ఎటు ఉందో తప్పుగా తెలుస్తుంది.

షాప్‌కి ముందే ఫోన్ చేసి రెండు విషయాలు అడగండి: దించిన కారు ర్యాంప్ ఎక్కడానికి పలకలు ఉన్నాయా, కంపెనీ అంకెలు కాకుండా నేనిచ్చే అంకెలకి సర్దుతారా? రెండోదానికి ‘పచ్చగా వస్తే చాలు కదా సార్’ అన్నచోటికి వెళ్లొద్దు.

అరిగిన టైర్లు అలా ఉండగానే ఫలితం చూడాలంటే, ఈ రోజే ట్రెడ్ లోతు లోపల, మధ్యలో, బయట గేజ్‌తో కొలిచి రాసుకోండి. సర్దించాక రెండు వేల కిలోమీటర్లు తిరిగి మళ్లీ కొలవండి. టో సరిగ్గా ఉన్నా లోపలి అంచే ఎక్కువ తగ్గుతుంటే, కేంబర్ ప్లేట్ల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం. ఆ షీట్ ఇక్కడ పెడితే చూసి చెబుతాను.