52−27=35 అని రాసే పాపకు ఇంకో 50 లెక్కలు ఇవ్వకండి

మీరు అడిగింది ఇదీ: పాప నాలుగో తరగతి, అప్పు తెచ్చుకునే తీసివేతలు రావడం లేదు, 52−27 ఇస్తే 35 అంటుంది, రోజూ 50 లెక్కలు చేయిస్తున్నా మార్పు లేదు, స్కూల్లో అజాగ్రత్త అంటున్నారు, ఏం చేయాలి?

ముందు ఆ 50 లెక్కలు ఆపేయండి. పాప దగ్గర ఒక పద్ధతి ఉంది, దాన్ని ఎంతో శ్రద్ధగా పాటిస్తోంది. ఆ పద్ధతే తప్పు. మీరు చేయిస్తున్న 50 లెక్కలూ ఆ తప్పుకే సాధన అవుతున్నాయి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1978లోనే జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు పిల్లల తీసివేతల్లో తప్పులు గాలివాటంగా రావని, చాలావాటి వెనక ఫలానా అని పేరు పెట్టగల సూత్రం ఉంటుందని చూపించారు. టీచర్లు ఆ సూత్రాన్ని పసిగట్టడం నేర్చుకోవడానికి 'బగ్గీ' అని ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా తయారుచేశారు. ఆ తర్వాత బ్రౌన్, కర్ట్ వాన్‌లేన్ ఇంకో మాట చెప్పారు: లెక్క మధ్యలో దారి మూసుకుపోతే పిల్లలు చేతులు ముడుచుకుని కూర్చోరు, తమకు తోచిన అతుకొకటి వేసుకుని ముందుకు పోతారు. ఆ అతుకు ఒక్కోరోజు మారుతుంది కూడా. అందుకే ఒక్కరోజు చూసి తేల్చేయకుండా రెండు రోజులు చూడాలి.

ఇక మీ 52−27. పాప తప్పు ఏమిటో తెలుసుకోవడానికి ఈ లెక్క పనికిరాదు. ఎందుకంటే 35 రెండు దారుల్లో వస్తుంది. '2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీశాను' అనుకున్నా ఒకట్ల స్థానంలో 5 వస్తుంది. పక్కనుంచి పది తెచ్చుకుని 12లోంచి 7 తీసి, పైనున్న 5ను 4 చేయడం మరిచిపోయినా 5 వస్తుంది. రెండిటికీ జవాబు 35. మొదటి పాపకు స్థానవిలువే తెలియదు. రెండో పాపకు పద్ధతి ముప్పాతిక వంతు వచ్చు, ఒక్క మెట్టు జారింది. ఇద్దరికీ ఒకే పాఠం చెబితే ఒకరికి అర్థం కాదు, ఇంకొకరికి అవసరం లేదు. ఒకట్ల అంకెల మధ్య తేడా 5 ఉన్న ప్రతి లెక్కలోనూ ఈ చిక్కు ఉంటుంది: 43−18, 61−36, ఏదైనా. పుస్తకాల్లో, వర్క్‌షీట్లలో ఇలాంటివి ఎడాపెడా ఇచ్చేస్తారు. లెక్క ఎంచుకోవడంలో ఈమాత్రం శ్రద్ధ పెట్టనివాళ్లు పిల్లల మీద అజాగ్రత్త అని రాయడం అన్యాయం.

52−27 బదులు 54−26 ఇవ్వండి. 28 సరైన జవాబు. 32 వస్తే పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తోంది. 38 వస్తే పది తెచ్చుకుంది గానీ పక్క అంకె తగ్గించలేదు. దీంతోపాటు ఇంకో మూడు ఇవ్వండి. 68−25కి 313 అని రాస్తే అవసరం లేకపోయినా పది తెచ్చుకుంటోంది. 60−24కి 44 వస్తే మళ్లీ అదే తిరగేసిన తీసివేత, 40 వస్తే 'సున్నాలోంచి ఏం తీసినా సున్నాయే' అనుకుంటోంది. 403−128కి 275 రావాలి. 375 అంటే సున్నాను 9 చేసి, 4ను ముట్టుకోలేదు. 225 అంటే సున్నాను దాటేసి 4 దగ్గరికే వెళ్లింది, పదుల స్థానంలో మళ్లీ తిరగేసింది. నాలుగు లెక్కలు, పది నిమిషాలు, ఎర్ర పెన్ను వద్దు. అయ్యాక 'ఎలా చేశావో చెప్పు' అని అడిగి వినండి. మధ్యలో సరిదిద్దితే ఇక నిజం చెప్పదు, మీకు నచ్చే జవాబు కోసం మీ మొహం చూస్తుంది.

అసలు 'అప్పు' అనే మాటే సగం కొంప ముంచుతోంది. అప్పంటే తిరిగి ఇవ్వాలి, ఇక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వరు. జరిగేది చిల్లర మార్చుకోవడం: ఒక పదిని పది ఒకట్లుగా మార్చడం. పాత తరంలో కొందరు నేర్చుకున్న ఇంకో పద్ధతి ఉంది, పై అంకెకు పది కలిపి, కింది వరసలో పక్క అంకెకు ఒకటి కలపడం. అదీ సరైనదే. కానీ స్కూల్లో ఒకటి, ఇంట్లో తాతగారు ఇంకొకటి చెబితే పిల్ల రెండూ కలిపేస్తుంది. ఇంట్లో ఎవరైనా అలా చెబుతున్నారేమో కనుక్కుని, స్కూలు పద్ధతి ఒక్కటే ఉంచండి.

తప్పు తెలిశాక చేయాల్సింది పుల్లలతో. 60 చీపురు పుల్లలు ఒకే పొడవున విరిచి, అరడజను రబ్బరు బ్యాండ్లు పెట్టుకోండి. కట్టలు మీరు కట్టి ఇవ్వొద్దు, పాపే పదేసి లెక్కపెట్టి కట్టాలి. లేకపోతే కట్టలో పది ఉన్నాయని నమ్మదు, దాన్నొక పెద్ద పుల్లలా చూస్తుంది. 54 పెట్టమనండి: అయిదు కట్టలు, నాలుగు విడి పుల్లలు. పెద్దవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, 26ను కూడా పక్కన ఇంకో కుప్పగా పెడతారు. వద్దు. ఆ 26 ఈ 54లోంచే రావాలి.

ఇప్పుడు '26 నా చేతికివ్వు, ముందు ఆరు' అనండి. నాలుగు విడి పుల్లలు ఇచ్చి ఆగిపోతుంది. ఆగనివ్వండి, అర నిమిషమైనా సరే మాట్లాడొద్దు. పాప చూపు కట్టల మీదికి వెళ్తుంది. 'ఇది విప్పొచ్చా?' అని అడిగిందంటే పాఠం దారిన పడినట్టే. ఆ నాలుగూ వెనక్కిచ్చేసి, కట్ట విప్పమనండి. విప్పగానే తీసివేతలోకి దూకొద్దు. 'ఇప్పుడు మొత్తం ఎన్ని ఉన్నాయి?' అని అడగండి. నాలుగు కట్టలు, 14 విడివి. చాలామంది పిల్లలు తగ్గాయనో పెరిగాయనో అంటారు. మళ్లీ లెక్కపెట్టించి అదే 54 అని తేలాకే, పలక మీద 5 కొట్టేసి పైన 4, ఒకట్ల దగ్గర 14 రాయించండి. పుల్లలతో ఒక కదలిక, వెంటనే పలక మీద దాని గుర్తు. పుల్లల ఆట అంతా అయ్యాక లెక్క రాయిస్తే రెంటికీ సంబంధం తెగిపోతుంది, పుల్లలతో 28 వచ్చిన పిల్ల పలక మీద 32 రాస్తుంది.

రోజుకు మూడు లెక్కలు చాలు, నాలుగైదు రోజులు. తర్వాత పుల్లల బదులు పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్లలు. నోటుతో మొదలుపెట్టకూడదు, దాన్ని విప్పి లోపల పది ఉన్నాయని చూపించలేం కదా. 403 వంటివాటికి మాత్రం నోట్లే మేలు. నాలుగు వందలు, మూడు రూపాయలు. పది నోటు ఒక్కటీ లేదు. వంద మార్చితే పది పదులు, అందులో ఒకటి మార్చితే తొమ్మిది మిగిలి, బిళ్లలు 13 అవుతాయి. సున్నా 9గా ఎందుకు మారుతుందో చేత్తో చూసిన పిల్లకు 'మధ్యలో సున్నా ఉంటే తొమ్మిది వేయాలి' అని బట్టీ పట్టించక్కర్లేదు.

నోటితో చెప్పేటప్పుడు తెలుగులో చెప్పించండి, ఇంగ్లీషు మీడియం అయినా సరే. 'యాభై నాలుగు' అంటే యాభై ముందు, నాలుగు తర్వాత, రాసినట్టే వినిపిస్తుంది. 'ఫోర్టీన్' అన్నప్పుడు ఒకట్లు ముందొస్తాయి, అందుకే 14, 41 తారుమారు చేసే పిల్లలుంటారు.

ఇంకో సంగతి విడిగా చూడండి: 14−6, 13−8, 15−9 నోటితో ఎంత త్వరగా చెబుతోంది? ప్రతిదానికీ వేళ్లు లెక్కపెడుతుంటే, లెక్కపెట్టడం పూర్తయ్యేసరికి పక్క అంకె తగ్గించాలన్న మాట మరిచిపోతుంది. 38 రావడానికి తరచుగా ఇదే కారణం. 14లోంచి 4 తీస్తే పది, ఇంకో 2 తీస్తే 8, ఇలా పది మీదుగా నేర్పండి.

తర్వాత సాధన రోజుకు ఆరు లెక్కలు, మూడు వారాలు, కలగలిపి: పది తెచ్చుకోనక్కర్లేనివి రెండు, తెచ్చుకోవాల్సినవి రెండు, సున్నా ఉన్నదొకటి, కూడిక ఒకటి. పేజీ నిండా ఒకే రకం ఇస్తే పిల్ల లెక్క చూడదు, చేయి దానంతటదే పది తెచ్చేస్తుంది. ఆ 313 పుట్టేది అక్కడే. ప్రతి జవాబునూ తీసేసిన సంఖ్యతో కూడి, 28+26 కూడితే 54 వచ్చినట్టు, మొదటి సంఖ్య వచ్చిందో లేదో తనే చూసుకోవాలి.

ఇది మీ పాప ఒక్కదాని సమస్య కాదు. పిల్లల చదువు ఎలా ఉందో చూడటానికి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేసే అసర్ సర్వేలో, 2024లో గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో ఇలాంటి రెండంకెల తీసివేత చేయగలిగింది 33.7 శాతమే. ట్యూషన్లూ అబాకస్ క్లాసులూ ఇన్ని పెరిగాక కూడా. అబాకస్‌లో వేగం వస్తుందేమో, తప్పు ఎక్కడుందో చూసేవాళ్లు మాత్రం అక్కడా లేరు.

ఇది చదివే టీచర్లుంటే, 40 మంది ఉన్న క్లాసులో కూడా ఇది కుదురుతుంది. పై నాలుగు లెక్కలూ చీటీల మీద చేయించి, మార్కులు వేయకుండా, 54−26 జవాబును బట్టి కుప్పలు వేయండి. 32 కుప్పకు పుల్లలు, 38 కుప్పకు పలక మీద కొట్టేసి రాయడం, 28 వాళ్లలో 403 దగ్గర తప్పినవారికి నోట్లు. ఏ కుప్పలోనూ పడని చీటీలు అయిదారు మిగులుతాయి. ఆ పిల్లల దగ్గర మీరే కూర్చోండి, మిగతా కుప్పలు ఇరవై నిమిషాలు వాళ్లంతట వాళ్లు చేసుకుంటాయి.