రెండు లైన్ల వ్యాసాన్ని ఏం చేయాలి?

ప్రశ్న: తెలుగు వికీపీడియాలో ఖాళీ దొరికినప్పుడల్లా దిద్దుబాట్లు చేస్తుంటాను. రెండు లైన్లతో, ఒక్క మూలమూ లేకుండా పడి ఉన్న వ్యాసాలు చూస్తే చిరాకేస్తుంది. మొన్న ఒక సురభి నటి వ్యాసానికి తొలగింపు మూస (ఈ పేజీని తీసేయాలని కోరే పట్టీ) పెట్టాను. ‘ముందు మెరుగుపరచడానికి ప్రయత్నించారా?’ అని చర్చ పేజీలో ఒక సీనియర్ అడిగారు. ఎవరో సగంలో వదిలేసిన పని నేనెందుకు చేయాలి మేడమ్?
– ఒక డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: చేసి తీరాలని ఎవరూ అనరు బాబూ, అక్కడ అందరూ జీతం లేని పనివాళ్లే. కానీ తీసేయమని అడిగేవాళ్లు ఓ అరగంట వెతికి అడగాలి. వ్యాసం బాగోలేకపోవడం వేరు, దాని గురించి రాయడానికి ఏమీ లేకపోవడం వేరు. తొలగింపు రెండోదానికే.

2007లో సాక్షాత్తూ వికీపీడియా వ్యవస్థాపకుడు జిమ్మీ వేల్స్‌కే ఇది జరిగింది. కేప్‌టౌన్ దగ్గర గుగులేతులో ఉన్న మ్జోలీస్ అనే మాంసం హోటల్ మీద ఇంగ్లీషు వికీలో చిన్న ముక్క రాస్తే, కాసేపట్లోనే ఎవరో తీసేశారు. పెద్ద రగడ అయింది. ఈలోగా కొందరు పత్రికా కథనాలు వెతికి పట్టుకొచ్చి రాస్తూ పోయారు. వ్యాసం నిలిచింది.

మన భాషలో వెతుకులాట ఇంకా కష్టం. గూగుల్‌లో పేరు కొట్టి, ఏమీ రాలేదని మూస పెట్టేశారేమో! పాత తెలుగు పత్రికలు చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలు, వాటిలోని అక్షరాలు సెర్చ్‌కు అందవు. పేరు కూడా ఇంటిపేరు ముందు పెట్టి, వెనక పెట్టి, పొడి అక్షరాలతో చూడాలి. సురభి వాళ్లకైతే ఇంటిపేరు స్థానంలో ‘సురభి’ వచ్చి కూర్చుంటుంది. 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేషం వేసిన కమలాబాయి గారు లోకానికి సురభి కమలాబాయే కదా. నాటకరంగం మీద వచ్చిన పుస్తకాలు మీ జిల్లా గ్రంథాలయంలో చూడండి. నలభై ఏళ్లు లైబ్రరీలో పనిచేసినదాన్ని, అక్కడికి వెళ్లమనకుండా ఉండలేను.

అయినా రెండు లైన్లకు మించి దొరక్కపోతే? ఆ రెండు లైన్లను సురభి నాటక సమాజం వ్యాసంలో కలిపి, పాత పేజీని దారిమార్పు చేయండి, అంటే ఆ పేరు తెరిచినవాళ్లు నేరుగా సమాజం వ్యాసానికి వెళ్లేలా పెట్టండి. అప్పుడు పాత పేజీలో జరిగిన మార్పుల చరిత్ర అలాగే ఉంటుంది, రేపు ఎవరికైనా మూలం దొరికితే అక్కడి నుంచే మొదలుపెడతారు. తొలగిస్తే మాత్రం ఆ పాఠం నిర్వాహకులకు తప్ప ఎవరికీ కనిపించదు.

ఊళ్ల వ్యాసాలకు ఇంత తంటా లేదు. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రలో జిల్లాలు మారాక చాలా పేజీల్లో జిల్లా పేరు పాతబడింది. అది సరిచేసి, 2011 జనగణన పుస్తకంలోంచి జనాభా చేర్చినా పేజీకి ప్రాణం వస్తుంది.

అలాగని ‘కళామతల్లి ముద్దుబిడ్డ’ లాంటి మాటలతో పేజీ నింపకండి. దానికంటే రెండు లైన్లే నయం. ఎక్కడినుంచో ఎత్తి అతికించిన పాఠం, బతికున్న మనిషి మీద మూలం లేని నింద కనిపిస్తే ఈ ఓపికంతా అక్కర్లేదు, వెంటనే తీయించండి.

మీరు పెట్టిన మూస సంగతి: ఒక్క మంచి మూలం దొరికినా చేర్చి మూస తీసేయండి. దొరక్కపోతే ఏ పేర్లతో, ఏ పుస్తకాల్లో వెతికారో చర్చ పేజీలో రాయండి.