అమ్మను కుర్చీలో కూర్చోబెట్టింది మీరే

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. ఉద్యోగరీత్యా హనుమకొండలో, నయీంనగర్‌లో అపార్ట్‌మెంటులో ఉంటున్నాం. రెండేళ్ల క్రితం బాపు పోయాక అమ్మను (68) మా దగ్గరికి తెచ్చుకున్నాం. అప్పటి నుంచి పండుగల్లో కూడా తనంతట తానే వెనక్కి జరిగింది. ఊళ్లో క్షణం తీరిక లేకుండా పని చేసిన మనిషి ఇక్కడ రోజంతా టీవీ ముందే ఉంటోంది. అడుగులు లెక్కపెట్టే గడియారం కొనిచ్చి, లెక్క తగ్గినప్పుడల్లా ఆఫీసు నుంచి ఫోన్ చేసి నడవమన్నాను. దాన్ని తీసి బీరువాలో పెట్టింది. వంటింట్లో ఆమెకూ నా భార్యకూ పడదు. పోయిన సంక్రాంతికి సకినాలు చేస్తూ నూనె ఒలకబోసుకుంటే, ఇక వంటింట్లోకి రావద్దని చెప్పాను. ఊళ్లోని రెండెకరాల కౌలు పైసలు నా ఖాతాలోనే వేస్తున్నాను, ఆమెకు ఖర్చేమీ లేదు. ఊరికి పోతానంటుంది గానీ తీసుకుపోవడానికి నాకు సెలవు దొరకదు. టీవీ, ఫోన్ లేకుండా అమ్మ చురుకుగా ఉండడానికి గంటల వారీగా ఏ పనులు పెట్టాలో చెప్పగలరు.

జవాబు: గంటల వారీ పట్టిక నేను ఇవ్వను. మబ్బుల లేచి వాకిట్లో సాన్పి చల్లి, బర్రెల పాలు పిండి, పగలంతా పత్తి ఏరి, వచ్చి ఇంత వండిపెట్టి మిమ్మల్ని ఉద్యోగం దాకా తెచ్చిన మనిషికి ఎప్పుడు లేవాలో, ఎప్పుడు నడవాలో చెప్పే అర్హత మీకూ లేదు, నాకూ లేదు.

ఇంట్లో తగువు అత్తాకోడళ్లదని మీరు గట్టిగా నమ్ముతున్నారు. మీ ఉత్తరం చదివిన నాకు అలా అనిపించలేదు. ఒక పొయ్యి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు ఉన్నప్పుడు ఉప్పు గురించో నూనె గురించో మాటామాటా అనుకోని ఇల్లు ఎక్కడుంది? మీ భార్యే వంటింట్లోకి రావద్దని ఉంటే మీ అమ్మ ఎదురు చెప్పేది, అలిగేది, నాలుగు రోజులు పోయాక చాట పట్టుకొని మళ్లీ అక్కడే కూర్చునేది. మీరు తీర్పరిగా మధ్యలో దిగి ఆ మాట అన్నారు. కన్నకొడుకు అన్న మాటకు తల్లి ఎదురు చెప్పలేదు, వెళ్లి టీవీ ముందు కూర్చుంది. సరిచేసుకోవలసిన సంబంధం మీకూ మీ అమ్మకూ మధ్య ఉన్నది, అందులో మీ భార్యను దోషిగా నిలబెట్టకండి.

సకినాల పని ఎలాంటిదో మీరు చిన్ననాటి నుంచి చూసినవారే. బియ్యం నానబోసి, వార్చి, పిండి పట్టించి, జల్లించి, నువ్వులు, వాము, ఉప్పు వేసి తడిపి, నేల మీద బట్ట పరిచి, దాని పక్కన కాలు ముడుచుకొని కూర్చొని, పిండిని వేళ్ల మధ్య సన్నగా మెలితిప్పుతూ చుట్టు పక్కన చుట్టు వేయాలి. ఒకటి అయ్యాక కొంచెం జరిగి ఇంకొకటి మొదలుపెట్టాలి, బట్ట నిండితే లేచి మరో బట్ట పరచాలి. నడుము, మోకాళ్లు, వేళ్లు, చూపు, అన్నీ ఆ ఒక్క పూటలో పని చేస్తాయి, ఇరుగుపొరుగు వచ్చి కూర్చుంటే మాటలు కూడా నడుస్తాయి. కాగుతున్న నూనె దగ్గర ఆమెకు ఏమవుతుందోనని మీరు భయపడడంలో తప్పు లేదు. అయితే చుట్టడం వేరు, గోలించడం వేరు. మూకుడు ముందు మీరు కూర్చొని ఉంటే సరిపోయేది; తల్లి చుట్టిన సకినాలను కొడుకు గోలిస్తే పరువేమీ పోదు. మీరు ఆ పని చేయకుండా వంటింటికే తాళం వేశారు.

ఈ వయసులో వాడని కండ తొందరగా తగ్గిపోతుంది. ముందు కుర్చీ చేతులు పట్టుకోనిదే లేవలేకపోవడం, తరువాత మెట్లంటే భయం, ఆ తరువాత ఎప్పుడో స్నానాల గదిలో జారిపడడం, చాలామంది పెద్దవాళ్ల విషయంలో ఇదే వరుస. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 65 ఏళ్లు దాటినవారికి వారంలో 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలి, కండకు బలమిచ్చే పని కనీసం రెండు రోజులు, తూలిపోకుండా నిలదొక్కుకునే అభ్యాసం కనీసం మూడు రోజులు ఉండాలి. ఇంటిపని కూడా ఈ శ్రమలోకే వస్తుంది. నేల మీద కూర్చొని చేతి ఆసరా లేకుండా లేచే మనిషి, నీళ్ల బొక్కెన మోసే మనిషి ఆ అభ్యాసం దానంతటదే చేస్తున్నట్టే. మీ గడియారం అడుగులు లెక్కపెట్టి ఊరుకుంటుంది, మీరు ఆ లెక్క చూసి అమ్మను చూశాననుకుంటున్నారు. దాన్ని బీరువాలోనే ఉండనివ్వండి.

ఇంత చెప్పినా, ఆమెకు పనులు అప్పగిస్తే చాలునని మాత్రం అనుకోవద్దు. పని మీద పెత్తనం ఉన్నప్పుడే ఆ మనిషి కాళ్లు కదులుతాయి. ఊళ్లో ఏ చెలకలో ఏ గింజ వేయాలో, ఎంతమంది కూలీలను పిలవాలో, ఏ బర్రెను అమ్మాలో చెప్పిన మనిషి ఇక్కడ రెండు నిమ్మకాయలు కొనాలన్నా కోడలినో కొడుకునో అడగవలసి వస్తోంది. ఖర్చేమీ లేదని రాశారు. చేతిలో పైసలు లేని మనిషికి ఖర్చు ఎలా ఉంటుంది? ఆ రెండెకరాలు ఎవరి పేరు మీద ఉన్నా, చెమట ఆమెది. కౌలు పైసలు ఆమె చేతిలో పెట్టండి, లెక్క అడగకండి. కుమార్‌పల్లి మార్కెట్‌లో కూరగాయల పని పూర్తిగా ఆమెకు వదిలేయండి. చీటీ రాసి ఇవ్వకండి, బండి మీద దింపకండి. బేరమాడి, ఏరుకొని, సంచీ మోసుకొని ఇంటికి వస్తుంది. వరుసగా మూడు రోజులు పుంటికూరే తెస్తే మూడు రోజులూ తినండి. ఏది ఎప్పుడు వండాలో అత్తాకోడళ్లే మాట్లాడుకుంటారు, ఆ మాటల్లోకి మీరు దూరకండి. ఎండాకాలం మాత్రం ఈ తిరుగుడంతా పొద్దెక్కకముందే అయిపోవాలి, మన వరంగల్ ఎండ మీకు తెలియనిది కాదు. మిద్దె మీద నాలుగు కుండీలకు చోటిస్తే పచ్చిమిర్చి, బచ్చలి ఆమే చూసుకుంటుంది.

పండుగల్లో ఆమె తనంతట తానే వెనక్కి జరిగిందని రాశారు. ముందుకు రమ్మని ఎవరైనా పిలిచారా అన్నది రాయలేదు. భర్త పోయిన ఆడమనిషిని పండుగ నాడు మూలకు కూర్చోబెట్టే ఆచారం నాకు ఏనాడూ నచ్చలేదు, దాన్ని మీ ఇంట్లోనైనా ఆపమని అడుగుతున్నాను. ఈసారి ఎంగిలిపూల నాడు తంగేడు, గునుగు ఆమె ముందు పోసి, బతుకమ్మ పేర్చి పెట్టమని మీ భార్య చేత అడిగించండి. సాయంత్రం వేయిస్తంభాల గుడికి వెంట తీసుకువెళ్లి, ఆటలో నిలబెట్టండి. వంగుతూ, లేస్తూ, చప్పట్లు కొడుతూ ఎంతసేపు తిరిగేదీ ఆమే నిర్ణయించుకుంటుంది.

టీవీని గుంజుకోవద్దు. ఖాళీ అయిన రోజును అది నింపింది, రోజు మళ్లీ నిండితే సాయంత్రం ఒక సీరియల్ చూసినా నష్టం లేదు. ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లి బీపీ, షుగరు, కళ్లు, మోకాళ్లు చూపించండి. లేవగానే కళ్లు తిరుగుతున్నాయా అని అడగండి. తిండి సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఊరకే కన్నీళ్లు పెట్టుకోవడం ఉంటే అదీ దాచకుండా చెప్పండి. బాపు పోయిన దుఃఖం రెండేళ్లకు తీరిపోవాలని ఎక్కడా లేదు.

వీటన్నిటికంటే ముందు మీరు చేయవలసినది ఒకటుంది. మీ భార్యతో విడిగా మాట్లాడి, ఆ తరువాత ఆమె ఎదుటే అమ్మతో, వంటింట్లోకి రావద్దన్న మాట తప్పయిందని, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పండి. నూనె ఒలకడం, భయం అంటూ సంజాయిషీలు జోడించకండి.

ఊరి ప్రయాణానికి మీ సెలవుతో పని లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి మన ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ పైసలు లేవు. ఆధార్ కార్డు సంచీలో ఉంటే చాలు. హనుమకొండ బస్టాండులో పరకాల బస్సు ఎక్కడం ఆమెకు మీరు నేర్పవలసిన విద్య కాదు. ఏ రోజు పోవాలో, కౌలుదారుతో ఏం మాట్లాడాలో, ఎన్ని రోజులుండి రావాలో ఆమెనే తేల్చుకోనివ్వండి. చేరగానే ఒక్క మాట చెప్పమని అడగండి, ఆ తరువాత గంటకోసారి ఫోన్ చేయకండి.