వెల్డింగ్ అంటే నిప్పురవ్వలేనా?

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది. ఫ్రిక్షన్ వెల్డింగ్ మీద ప్రాజెక్టు చేసి, పైచదువూ అందులోనే చదువుతానంటోంది. ఆ పొగలో, మంటలో కళ్లు పాడవుతాయని మా భయం. వెల్డింగ్ అని నలుగురికీ ఎలా చెప్పుకోవాలి? ఏఐ కోర్సు మేలు కదా? రెండూ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: ముందు కళ్ల సంగతి. ఫ్రిక్షన్ వెల్డింగ్ అంటే రాపిడితో అతకడం. ఇందులో ఆర్క్ (కళ్లు చెదిరే కరెంటు మెరుపు) ఉండదు, ఎలక్ట్రోడ్ ఉండదు. ఒక కడ్డీని గిర్రున తిప్పుతూ రెండోదాన్ని దానికేసి నొక్కుతారు. ఉక్కయితే రాపిడికి కొసలు ఎర్రబడి మెత్తబడతాయి. తిప్పడం ఆపి ఇంకా గట్టిగా అదుముతారు. లోహం కరగకుండానే, కొన్ని సెకన్లలో, రెండూ ఒకటైపోతాయి. అతుకు చుట్టూ ఉబికిన లోహాన్ని లేత్ మీద చెక్కేస్తారు. మీ కారు ఇంజన్‌లోని వాల్వుల్లో తల ఒక రకం ఉక్కు, కాడ మరో రకం అయినవాటిని చాలావరకు ఇలాగే అతుకుతారు. ఇందులోనే ఇంకో రకం ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్. గిర్రున తిరిగే టూల్‌ను అతుకు వెంబడి నడిపి, మెత్తబడ్డ లోహాన్ని కలియదిప్పుతారు. 1991లో బ్రిటన్‌లోని టీడబ్ల్యూఐ అనే వెల్డింగ్ పరిశోధన సంస్థలో పుట్టిన ఈ పద్ధతి, కరిగించి అతికితే పగుళ్లిచ్చే అల్యూమినియం మిశ్రమాలను కూడా దారికి తెచ్చింది. స్పేస్ షటిల్ ఇంధన ట్యాంకు దాకా వెళ్లింది. నలుగురికీ ఈ మాటే చెప్పండి.

ఏఐ మీద నాకు కోపం లేదు, అనుమానం ఉంది. ఫ్రిక్షన్ స్టిర్ అతుకు పైకి నున్నగా ఉండి, లోపల సన్నటి సొరంగం మిగిలిపోవచ్చు. చాలినంత వేడి పుట్టకపోయినా, టూల్ మరీ వేగంగా ముందుకు సాగినా అలా అవుతుంది. అలాంటి ముక్కల్ని కోసి, పాలిష్ పట్టి, లోపలి అల్లిక కనబడేలా యాసిడ్‌తో ఎచ్ చేసి చూసినవాళ్లు ఎవరో ఒకరు ఉంటేనే కంప్యూటర్‌కు ఏది మంచి అతుకో నేర్పగలం. అది తెలియకుండా కొన్ని నెలల కోర్సు చేసి వచ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను. ప్రోగ్రామింగ్ మీ అమ్మాయి పక్కన నేర్చుకోవచ్చు. లోహం సంగతి అలా పక్కన నేర్చుకునేది కాదు.

అమ్మాయికీ ఒక మాట. మిల్లింగ్ మిషన్ మీద మూడు స్పీడ్లు (టూల్ తిరిగే వేగాలు), మూడు ఫీడ్లు (ముందుకు సాగే వేగాలు), తొమ్మిది ముక్కలు, ఒక టెన్సైల్ టెస్టు (ముక్కను తెగేదాకా లాగి చూడటం). ఈ ప్రాజెక్టు ఇప్పటికే లెక్కలేనంతమంది చేశారు. ముక్క ఎందుకు అక్కడే తెగిందో చెప్పగలిగితేనే నీది. ఇక, ఒక్క ఫ్రిక్షన్ వెల్డింగ్‌నే నమ్ముకుంటే ఉద్యోగాలు తక్కువ. మెటలర్జీ (లోహశాస్త్రం), మిగతా వెల్డింగ్ పద్ధతులు, ముక్కను కోయకుండానే లోపాలు పట్టే అల్ట్రాసోనిక్ వంటి పరీక్షలు కలుపుకో, దారి వెడల్పవుతుంది.

పోల్చమన్నారు, కానీ మీ ఉత్తరంలో పోలిక ఎప్పుడో అయిపోయింది. అమ్మాయికి ఇది ఎందుకు నచ్చిందో అందులో ఒక్క వాక్యం లేదండి. అడగలేదా? అడగాల్సింది! మూడేళ్లు చదివి తనంతట తాను ఒక దారి వెతుక్కున్న పిల్ల గురించి ఇంత బెంగ దేనికి? ఈసారి ల్యాబ్ నుంచి అతికిన ముక్క ఒకటి ఇంటికి తెమ్మనండి. అతుకు ఎక్కడుందో వేలితో చూపించమని, పక్కన కూర్చుని వినండి.